35 రోజుల్లో ఏం మానుతుంది?

2024 జనవరి 21న ముంబయి మారథాన్‌లో భారతీయ పురుషులందరికన్నా ముందు గీత దాటినవాడు శ్రీను బుగత. ఇంటిపేరు వింటేనే ఉత్తరాంధ్ర మనిషని తెలిసిపోతుంది. సైన్యంలో ఉద్యోగం. 42.195 కిలోమీటర్లకు అతనికి పట్టింది 2 గంటల 17 నిమిషాల 29 సెకన్లు. అతని వెనకే 2:18:37కి వచ్చినవాడు తోనకల్ గోపీ, 2017లో ఆసియా మారథాన్ ఛాంపియన్‌షిప్ గెలిచిన కేరళ రన్నర్. ఇంతవరకే అయితే ఇది క్రీడల పేజీలో మూలన పడే నాలుగు వాక్యాల వార్త. కానీ ఆ ఇద్దరూ సరిగ్గా 35 రోజులకు, ఫిబ్రవరి 25న, న్యూఢిల్లీ మారథాన్‌లో మళ్లీ పోటీ పడ్డారు. గోపీ 2:14:40, శ్రీను 2:14:41. మధ్యలో ఒక్క సెకను. ముంబయి కన్నా ఒకరు దాదాపు మూడు నిమిషాలు, ఇంకొకరు దాదాపు నాలుగు నిమిషాలు ముందే వచ్చేశారు.

దీన్ని చూసి అయిదు వారాల్లో ఒళ్లు కొత్తదైపోయిందని అనుకోవద్దు. ముంబయిలో సముద్రపు ఉక్క ఉంటుంది, పెడ్డర్ రోడ్ ఎక్కుడు ఉంటుంది. ఢిల్లీలో ఫిబ్రవరి చలి, చదునైన రోడ్లు. టైములు తగ్గడంలో ఊరి వాటా ఎంతో కొంత ఉంది. అయినా అసలు ప్రశ్న అలాగే ఉంది. ప్రపంచంలో మేటి రన్నర్లు ఏడాదికి రెండు మారథాన్లతో సరిపెట్టుకుంటారు. రెండు గంటల అవరోధాన్ని వియన్నాలో దాటి చూపించిన కిప్‌చోగే కూడా చాలా ఏళ్లు ఆ లెక్కే పాటించాడు. మనవాళ్లకు ఆ వెసులుబాటు తక్కువ. ముంబయిలో డబ్బుంది, ఢిల్లీలో జాతీయ ఛాంపియన్‌షిప్ ఉంది. రెండూ అయిదు వారాల వ్యవధిలో వచ్చి పడతాయి. ఆ అయిదు వారాల్లో ఒంట్లో ఏది మానుతుంది, ఏది మానినట్టు కనిపిస్తుంది?

ఈ ప్రశ్న సికింద్రాబాద్‌కు బాగా దగ్గరిది. తెల్లారకముందే తిరుమలగిరి, బొల్లారం రోడ్ల మీద పరిగెత్తే జనం ఇప్పుడు తక్కువేమీ కాదు. కంటోన్మెంట్ చెట్ల నీడ, పరేడ్ గ్రౌండ్స్ చుట్టూ ఖాళీ రోడ్లు, సంజీవయ్య పార్కు పక్కనుంచి నెక్లెస్ రోడ్ మీదికి దారి ఉన్నాయి. రైల్వే ఉద్యోగులు, బ్యాంకు వాళ్లు, హైటెక్ సిటీ షటిల్ ఎక్కే లోపల పది కిలోమీటర్లు ముగించేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు, రిటైరైన సుబేదార్లు అందరూ అక్కడ కనిపిస్తారు. ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్ వస్తుంది. నెక్లెస్ రోడ్‌లో మొదలై, ఫ్లైఓవర్లు ఎక్కి దిగి, జూబ్లీహిల్స్ మిట్టపల్లాలు దాటుకుని గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. సోమవారం ఆఫీసు మెట్లను పక్కకు తిరిగి, రెయిలింగ్ పట్టుకుని దిగేవాడెవడైనా కనిపిస్తే ఏం జరిగిందని అడగక్కర్లేదు. బుధవారానికి నవ్వు ముఖం. శుక్రవారానికి నొప్పి మాయం. మరుసటి ఆదివారం వాట్సాప్ గుంపులో మెసేజ్: “పదిహేను కొడదామా అన్నా?”

ఆ మెసేజ్ దగ్గరే చిక్కంతా ఉంది. నొప్పి పోయిందంటే త్వరగా మానే భాగాలు మానాయని మాత్రమే అర్థం. ఆటగాళ్లను మంచాన పడేసేవి తీరిగ్గా మానే భాగాలు. వాటికి గొంతు లేదు, ఉన్నా చాలా ఆలస్యంగా వినిపిస్తుంది.

ముందు కండరం సంగతి. మెట్లు ఎక్కేటప్పుడు లేని నొప్పి దిగేటప్పుడే ఎందుకు? ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు బిగుసుకునే ఉండి, అదే సమయంలో సాగుతుంది. అంటే బ్రేకు వేస్తుంది. పరుగులో అడుగు నేలను తాకిన ప్రతిసారీ జరిగేది ఈ బ్రేకు పనే. నేల నుంచి ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలిమీదికి వస్తుంది. శ్రీను నిమిషానికి 180 అడుగుల చొప్పున వేశాడనుకుంటే ముంబయిలో వేసినవి రమారమి 25 వేల అడుగులు. అయిదు గంటల్లో మారథాన్ ముగించే మన సికింద్రాబాద్ రన్నర్ నిమిషానికి 165 వేసినా 50 వేలకు చేరువవుతాడు. నెమ్మదిగా వెళ్లేవాడికి దెబ్బ తగ్గుతుందని అనుకుంటాం. ఒక్కో అడుగులో తగ్గే మాట నిజమే, లెక్క మాత్రం రెండింతలవుతుంది.

కండర పోగును మైక్రోస్కోపు కింద పెడితే సన్నని అడ్డగీతలు వరసగా కనిపిస్తాయి. రెండు గీతల మధ్య గదిలాంటి ఆ చిన్న భాగమే కండరం కుదించుకునే మూల యంత్రం. బిగుసుకుని ఉండగా సాగదీస్తే బలహీనమైన గదులు ముందు తెగుతాయి. తిన్నగా ఉండాల్సిన అడ్డగీతలు వంకరపోయి చెదిరిపోతాయి. పోగు పొర చిరిగి లోపలి సరుకు రక్తంలోకి కారుతుంది. ఆ వెనకే వాపు, వాపు వెంట నొప్పి. అందుకే నొప్పి పరుగు రోజున కాదు, ఒకటి రెండు రోజులు పోయాక ముదురుతుంది. 1983లో అమెరికా శాస్త్రవేత్తలు మారథాన్ పరిగెత్తినవారి పిక్కల్లోంచి సూదితో ముక్కలు తీసి చూస్తే, వారం తర్వాత కూడా చచ్చిపోయిన పోగులు, మరమ్మతు జరుగుతున్న పోగులు కనిపించాయి. అప్పటికి ఆ కాళ్ల నొప్పి దాదాపు పోయే ఉంటుంది.

పక్కదారే అయినా ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. కండరంలోంచి కారే సరుకులో క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మామూలుగా లీటరు రక్తంలో వందల్లో ఉండే యూనిట్లు మారథాన్ మర్నాడు వేలల్లోకి వెళ్తాయి. కాలేయ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ కూడా కండరాల్లో ఉంటుంది, అదీ పెరుగుతుంది. గుండె కండరం దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్ సైతం చాలామందిలో కాస్త పెరిగి రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. కంపెనీ ఇచ్చిన మాస్టర్ హెల్త్ చెకప్ కూపన్ గడువు అయిపోతోందని పరుగు మర్నాడే ల్యాబుకు వెళ్తే ఆ రిపోర్టు చూసి ఇంట్లోవాళ్లు హడలిపోవడం ఖాయం. ఛాతీనొప్పి, ఆయాసం, ముదురు గోధుమ రంగు మూత్రం లాంటివి ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఏ బాధా లేనివాళ్లు రక్తపరీక్షను ఒకటి రెండు వారాలు వాయిదా వేసుకుంటే చాలు.

కండరంలో నిల్వ ఉండే పిండిపదార్థం గ్లైకోజెన్. మామూలు పరుగు తర్వాత బాగా తింటే ఒకటి రెండు రోజుల్లో నిండిపోతుంది. మారథాన్ తర్వాత అలా నిండదు, ఎందుకంటే చిరిగిన పోగు చక్కెరను సరిగా లోపలికి తీసుకోలేదు. ఇండియానాలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయంలో అదే 1980ల్లో చేసిన పరిశోధనలో వారం గడిచినా నిల్వలు పూర్వస్థితికి రాలేదు. అదే బృందం ఇంకో సంగతి చూసింది. పరుగు తర్వాత వారమంతా ఊరుకున్నవారికి కాళ్ల బలం త్వరగా తిరిగొచ్చింది. “కాళ్లు వదులవుతాయి” అంటూ రోజూ కాసేపు పరిగెత్తినవారికి ఆలస్యమైంది. మన గుంపుల్లో రికవరీ రన్ పేరిట మంగళవారం నాడే బూట్లు కట్టేవాళ్లు ఈ సంగతి వినడానికి ఇష్టపడరు. నడక, ఈత, సైకిల్ వేరు. వాటిలో ఆ బ్రేకు దెబ్బ లేదు.

కండరం తర్వాత రోగనిరోధక శక్తి. 1987 లాస్ ఏంజెలెస్ మారథాన్ తర్వాతి వారంలో, పరిగెత్తినవారిలో నూటికి 12.9 మంది జలుబు, గొంతు నొప్పి, జ్వరం లాంటివి వచ్చాయన్నారు. పేరు నమోదు చేసుకుని పరిగెత్తనివారిలో ఆ సంఖ్య 2.2. అది కొన్నాళ్లు జబ్బులకు తలుపు తెరిచి పెడుతుందన్న సిద్ధాంతం అక్కడినుంచే బలపడింది. ఇప్పుడు దాన్ని గట్టిగా ప్రశ్నించేవారూ ఉన్నారు. జనసమ్మర్దం, ప్రయాణం, నిద్ర లేమి కలిపితే పరిగెత్తకపోయినా జలుబు చేస్తుందని వారి వాదన. ముంబయిలో పరిగెత్తి, దాదర్ స్టేషన్ గుంపులో నిలబడి, రాత్రంతా రైల్లో కూర్చుని, పొద్దున్నే సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం మీద దిగి నేరుగా ఆఫీసుకు వెళ్లేవాడి విషయంలో ఎవరి వాదన నెగ్గినా ఫలితం ఒకటే.

కిడ్నీల మాట ఇంకాస్త గట్టిగా చెప్పాలి. 2015 హార్ట్‌ఫర్డ్ మారథాన్‌లో 22 మందిని పరీక్షిస్తే పరుగు ముగిసిన వెంటనే 82 శాతం మందిలో కిడ్నీలు తాత్కాలికంగా దెబ్బతిన్న లక్షణాలు కనిపించాయి. రెండు రోజుల్లో సర్దుకున్నాయి. ఈ స్థితిలో ఉన్న కిడ్నీ మీద నొప్పి మాత్ర వేస్తే ఏమవుతుందో 2017లో వెలువడిన మరో పరిశోధన చెప్పింది. 80 కిలోమీటర్ల పరుగులో ఐబుప్రొఫెన్ వేసుకున్నవారిలో 52 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 34 శాతం మందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. మన దగ్గర పరుగుకు ముందే జేబులో ఒక స్ట్రిప్పు పెట్టుకునే అలవాటు ఉంది. ఇది మానాల్సిన అలవాటని మొహమాటం లేకుండా చెప్పొచ్చు.

2025లో ఒక స్పానిష్ బృందం మెదడులోకి తొంగిచూసింది. మారథాన్‌కు ముందూ తర్వాతా పది మంది రన్నర్లకు ఎమ్మారై తీశారు. నరాల తంతువుల చుట్టూ ఉండే మైలిన్ అనే కొవ్వు పొర సూచిక కొన్ని భాగాల్లో తగ్గింది. రెండు వారాలకు చాలావరకు, రెండు నెలలకు పూర్తిగా తిరిగొచ్చింది. చక్కెర నిండుకున్నప్పుడు మెదడు ఆ కొవ్వును ఇంధనంగా వాడుకుంటుందేమోనని వారి ఊహ. పది మందితో చేసిన పని కాబట్టి దీన్ని పట్టుకుని భయపడాల్సిందీ లేదు, గొప్పలు పోవాల్సిందీ లేదు. లెక్క ప్రకారం చూస్తే 35 రోజులన్నది ఆ మరమ్మతుకు కూడా నడిమధ్య.

ఇక ఎముక. కంటోన్మెంట్ ఊరికి ఈ కథ బాగా తెలిసి ఉండాలి, ఎందుకంటే దీన్ని మొదట గుర్తించింది సైనిక వైద్యులే. 1855లో బ్రైట్‌హౌప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు దూరాలు కవాతు చేసిన సిపాయిల పాదాలు వాచి నొప్పి పెట్టడాన్ని గమనించి రాశాడు. ఎక్స్‌రే పుట్టడానికి ఇంకా 40 ఏళ్లుంది, అందువల్ల లోపల ఎముక చిట్లిందని ఆయనకు తెలియదు. తర్వాత దానికి మార్చ్ ఫ్రాక్చర్ అన్న పేరు స్థిరపడింది. నేటి రన్నర్ల భాషలో స్ట్రెస్ ఫ్రాక్చర్. కొత్తగా చేరిన సైనికులకు ఇది మొదటి రోజు రాదు. శిక్షణ మొదలై కొన్ని వారాలు గడిచి, ఇక అలవాటు పడ్డాం అనుకునే వేళకు వస్తుంది.

ఆ ఆలస్యానికి కారణం ఎముక మరమ్మతు జరిగే తీరు. అది మన సికింద్రాబాద్‌లో డ్రైనేజీ పైపు మార్చే తీరుకు అచ్చు సమానం. ముందు ఒక ముఠా వచ్చి రోడ్డు తవ్వేస్తుంది, చకచకా పని కానిచ్చి వెళ్లిపోతుంది. పూడ్చి తారు వేసే ముఠా తీరిగ్గా వస్తుంది. ఎముకలోనూ రెండు రకాల కణాలుంటాయి. ఆస్టియోక్లాస్టులు దెబ్బతిన్న ఎముకను రెండు మూడు వారాల్లో కొరికి తీసేస్తాయి. ఆ గుంతలో కొత్త ఎముక నింపే ఆస్టియోబ్లాస్టులకు దాదాపు మూడు నెలలు పడుతుంది. నింపిన ఎముక గట్టిపడి పూర్తి బలానికి రావడానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. అంటే పెద్ద దెబ్బ తగిలిన మూడు నాలుగు వారాలకు ఎముక మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికి కండరం మానిపోయి, ఊపిరి బాగా ఆడుతూ, మనిషి హుషారుగా ఉంటాడు. గుంతలు తెరిచి ఉన్న ఆ రోడ్డు మీదే మళ్లీ లారీలు నడుపుతాడు.

నొప్పి ఎలాంటిదో కనిపెట్టడం కొంతవరకు మన చేతుల్లో ఉంది. కండరం నొప్పి పరుచుకుని ఉంటుంది, వేడెక్కాక తగ్గుతుంది. ఎముక నొప్పి ఒక్క వేలితో చూపించగలిగేంత చోట ఉంటుంది, పరిగెత్తేకొద్దీ పెరుగుతుంది, ముదిరితే రాత్రి పడుకున్నా పోటు పెడుతుంది. మోకాలి కింద ముందు ఎముక మీదో, పాదం పైభాగాన వేళ్ల వెనకో అలా ఉంటే ఫిజియో చేత మర్దన చేయించుకుని సర్దుకోకూడదు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవడం కూడా మామూలే. “ఎక్స్‌రే క్లియర్” అన్న మాట పట్టుకుని పరిగెత్తి, సన్నని చీలికను పూర్తి విరుపుగా మార్చుకున్నవాళ్లు ఉన్నారు. అనుమానం తీరాలంటే ఎమ్మారై తీయాలి.

టెండన్ కథ ఇంతకన్నా విచిత్రం. మడమ వెనక, పిక్కను ఎముకకు కట్టి ఉంచే లావుపాటి తాడు అకిలిస్ టెండన్. పరుగులో దాని మీద పడే లాగుడు ఒంటి బరువుకు ఆరు నుంచి ఎనిమిది రెట్లు. గట్టి పరుగు తర్వాత మొదటి ఒకటిన్నర రోజు అందులో కొల్లాజెన్ తయారయ్యే దానికన్నా విరిగేదే ఎక్కువ, ఆ తర్వాతే లెక్క లాభంలోకి తిరుగుతుంది. వరసగా రెండు రోజులు గట్టి పరుగులు పెట్టొద్దని కోచ్‌లు అనుభవంతో చెప్పే మాటకు ఆధారం ఇక్కడ దొరుకుతుంది. అయితే ఈ కూడిక తీసివేతలు పైపొరల్లోనే. లోపలి గుజ్జు సంగతి వేరు. 1950ల్లో, 60ల మొదట్లో జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరిగి, ఆ తర్వాత క్రమంగా తగ్గింది. ఏ ఏడాది తయారైన కణజాలంలోనైనా ఆ ఏటి గాలి ముద్ర ఉంటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్తలు 2013లో ఈ ముద్రను అకిలిస్ టెండన్లలో వెతికారు. టెండన్ నడిమి భాగం మనిషికి 17 ఏళ్లు వచ్చేలోపు తయారై, ఆ తర్వాత దాదాపు మారదని తేలింది. బోయిన్‌పల్లిలో 45 ఏళ్ల వయసులో మొదటి మారథాన్‌కు సిద్ధమయ్యే మనిషి ఇంటర్మీడియట్ నాటి తాడు మీదే 42 కిలోమీటర్లు వేలాడతాడు. ఆ వయసులో క్రికెట్టో కబడ్డీయో ఆడి ఉంటే అదృష్టమే. ఎంసెట్ కోచింగ్ హాస్టల్లో గడిపి ఉంటే ఆ తాడుకు పనిచేసిన జ్ఞాపకమే ఉండదు.

మరి శ్రీను, గోపీ లాంటివాళ్లకు 35 రోజుల్లో ఎలా సాధ్యమైంది? మొదటి కారణం పాత దెబ్బలే. ఒకసారి బ్రేకు దెబ్బ తిని మానిన కండరం మళ్లీ అదే దెబ్బకు అంతగా చెదరదు. ఆ రక్షణ వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. వారానికి 150, 200 కిలోమీటర్లు ఏళ్ల తరబడి పరిగెత్తే కాలు ఆ రక్షణలోనే బతుకుతుంది. ఎముక కూడా అంతే. ఏళ్లుగా నెమ్మదిగా పెంచిన బరువుకు తగ్గట్టు దళసరి అవుతుంది. రెండో కారణం మనకు కొరుకుడు పడనిది. వాళ్లకు పరుగు, తిండి, నిద్ర తప్ప పగలు వేరే పని లేదు. మధ్యాహ్నం గంటన్నర పడుకుంటారు. మన రన్నర్ పరుగు ముగించుకుని ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర నలభై నిమిషాలు క్లచ్ తొక్కుతూ ఉంటాడు.

ఈ లెక్కలన్నిటినీ తలకిందులు చేసే మనుషులు లేకపోలేదు. జపాన్‌కు చెందిన యూకీ కవౌచీ సైతామాలో ప్రభుత్వ బడి ఆఫీసులో పనిచేస్తూ, దాదాపు నెలకొకటి చొప్పున మారథాన్లు పరిగెత్తాడు. 2018లో గడ్డకట్టే వానలో బోస్టన్ గెలిచాడు. 2 గంటల 20 నిమిషాల లోపు వంద మారథాన్లు ముగించాడు. ఇంకో వైపు కెన్యా వాసి కెల్విన్ కిప్టుమ్. వారానికి ఒక్కోసారి 300 కిలోమీటర్ల దాకా పరిగెత్తి, 2023లో షికాగోలో 2:00:35తో ప్రపంచ రికార్డు పెట్టాడు. ఇదే ఊపు సాగితే ఎంతోకాలం నిలవడని అతని కోచే కంగారుపడ్డాడు. 2024 ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంలో పోయేనాటికి అతనికి 24 ఏళ్లు. ఆ కంగారు నిజమయ్యేదో కాదో ఎవరూ చెప్పలేరు. కవౌచీని చూసి నెలకో మారథాన్‌కు డబ్బు కట్టేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. అలా పరిగెత్తబోయి మధ్యలో విరిగిపోయినవాళ్ల పేర్లు మనకు తెలియవు, తెలిసే అవకాశమూ లేదు.

మరమ్మతుకు సామాను కావాలి. అది తిండి నుంచే రావాలి. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఉప్పల్ బస్సెక్కితే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ వస్తుంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా పుట్టి 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. మన పప్పుల్లో, ధాన్యాల్లో ఏముందో దేశమంతా చూసుకునే పట్టికలు ఇక్కడివే. వాటి ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పెద్దలకు రోజుకు కావలసింది 1000 అనుకుంటే, రాగి సంగటో జావో పెట్టిన ఇల్లు ఎముక విషయంలో మూడో వంతు పని చేసినట్టే. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని ఆ సంస్థే చెబుతుంది. పరుగు తర్వాత కొన్ని గంటలపాటు హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి పేగులోంచి ఇనుము లోపలికి రాకుండా అడ్డుపడుతుంది. దాని మీద పరుగు ముగియగానే ఇరానీ హోటల్లో చాయ్. చాయ్‌లోని టానిన్లు మిగిలిన కాస్త ఇనుమునూ పట్టుకుంటాయి. చాయ్ మానమని ఈ ఊళ్లో చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు గానీ, టిఫిన్‌కూ చాయ్‌కూ మధ్య గంట ఎడం పెట్టమని అడగొచ్చు.

తిండి తగ్గించి పరుగు పెంచడం వీటన్నిటికన్నా ప్రమాదం. బరువు తగ్గడానికే పరుగు మొదలుపెట్టినవాళ్లు మన ఊళ్లో ఎక్కువ కాబట్టి ఇది నొక్కి చెప్పాలి. పరుగుకు పోగా మిగిలిన శక్తి ఒళ్లు నడవడానికి సరిపోకపోతే శరీరం ఖర్చులు కోస్తుంది. మొదట కోత పడేది ఎముక నిర్మాణానికి, సంతాన సామర్థ్యానికి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టి, మగవాళ్లకూ వస్తుందని స్పష్టంగా చెప్పింది. అమ్మాయికి నెలసరి ఆగిపోతే ట్రైనింగ్ బాగా నడుస్తోందని గుర్తుగా తీసుకునే కోచ్‌లు ఒకప్పుడు ఉండేవారు. అది స్ట్రెస్ ఫ్రాక్చర్‌కు ముందు వచ్చే హెచ్చరిక. మారథాన్ తర్వాతి వారం పరుగు లేదు కదా అని అన్నం తగ్గించడం కూడా ఇలాంటి పొరపాటే. ఆ వారమే మరమ్మతు జోరుగా సాగేది. పప్పు, గుడ్లు, పెరుగన్నం ఇంకో ముద్ద ఎక్కువే పడాలి.

ఐసు తొట్టెల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. నొప్పి తగ్గిస్తాయి, మానే వేగాన్ని పెంచవు, బలం పెరగడానికి చేసే వ్యాయామం తర్వాత వాడితే ఆ లాభాన్ని తగ్గిస్తాయి. బూట్ల సంగతి కాస్త చిత్రంగా ఉంటుంది. 1978లో జలంధర్‌లో శివనాథ్ సింగ్ 2:12:00తో పెట్టిన జాతీయ రికార్డు నలభై ఏళ్లకు పైగా చెక్కుచెదరకుండా నిలిచింది. ఆయన ఉత్త కాళ్లతో పరిగెత్తడానికి పేరుపడ్డ మనిషి. ఇప్పటి కార్బన్ ప్లేటు బూట్లు వేసుకుంటే పిక్కల నొప్పి తక్కువని రన్నర్లంటారు. 2023లో మాత్రం పాదం మధ్య ఉండే నావిక్యులర్ ఎముక దెబ్బతిన్న అయిదుగురి వివరాలను, ఈ బూట్లతో సంబంధం ఉండొచ్చంటూ వైద్యులు ప్రచురించారు. అయిదుగురితో ఏదీ రుజువు కాదు. కండరాన్ని కాపాడిన దెబ్బ ఎక్కడికో పోవాలి కదా అన్న అనుమానం మాత్రం సబబే.

చివరికి అందరూ అడిగేది, మళ్లీ ఎప్పుడు, ఎంత? వారానికి పది శాతం మించి పెంచొద్దన్న సూత్రం ప్రతి గుంపులోనూ వినిపిస్తుంది. నెదర్లాండ్స్‌లో 532 మంది కొత్త రన్నర్లతో దాన్ని పరీక్షిస్తే, పది శాతం పాటించినవారికీ వేరే పద్ధతిలో వెళ్లినవారికీ గాయాల్లో తేడా రాలేదు. రెండు వర్గాల్లోనూ అయిదుగురిలో ఒకరికి గాయమే. 2025లో డెన్మార్క్‌లోని ఆర్హస్ బృందం 5,205 మంది రన్నర్ల వాచీల లెక్కలు తీసి చూస్తే అసలు దొంగ వేరేచోట దొరికాడు. వారం మొత్తం కాదు, ఒక్క పరుగు. గత 30 రోజుల్లో పరిగెత్తిన అతి పెద్ద దూరం కన్నా ఈ రోజు పరుగు పది శాతం మించితే గాయం ప్రమాదం సగానికి పైగా పెరిగింది. రెట్టింపు మించితే రెండింతలు దాటింది.

ఈ 30 రోజుల లెక్కను మారథాన్‌కు పెట్టి చూస్తే ఒక మెలిక ఉంది. పరుగు ముగిసిన 31వ రోజున ఆ 42 కిలోమీటర్లు లెక్కలోంచి రాలిపోతాయి. అప్పటిదాకా విశ్రాంతిగా అయిదు, ఎనిమిది పరిగెత్తినవాడికి ఇప్పుడు ఎనిమిదే పెద్ద దూరం. మనసులో మాత్రం వాడింకా 42 పరిగెత్తిన మొనగాడే. మేటి రన్నర్లకు ఈ చిక్కు తక్కువ, రెండు మారథాన్ల నడుమ కూడా పెద్ద పరుగులు వాళ్ల దినచర్యలోవే. ఆగస్టు మెడల్ గోడకు తగిలించి “మనం ఫుల్ మారథానర్లం” అనుకుంటూ అక్టోబరులో సరాసరి పాతిక కొట్టే మన రన్నర్‌కే ఇది తగులుతుంది.

హైదరాబాద్ మారథాన్ నుంచి ముంబయి మారథాన్‌కు మధ్య మామూలుగా 21 వారాలు. మొదటి మూడు వారాలు పరుగు లేకుండా, నడకతో. తర్వాత రెండు వారాల్లో మెల్లగా పది కిలోమీటర్లకు రావడం. అక్కణ్నుంచి ఆదివారం పరుగును వారానికి పది శాతం చొప్పున పెంచుతూ పోతే 12 వారాలకు 31 కిలోమీటర్లు దాటుతుంది. ఆఖరి మూడు వారాలు తగ్గింపు, రన్నర్ల మాటలో టేపర్. మొత్తం 20. మిగిలేది ఒక్క వారం. దసరా ఊరి ప్రయాణం, దీపావళి, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి పట్టుకునే వైరల్ జ్వరం, కార్తీకంలో బంధువుల పెళ్లిళ్లు అన్నీ ఆ ఒక్క వారంలోనే సర్దుకోవాలి. సర్దుకోకపోతే ముంబయిలో హాఫ్ మారథాన్ కూడా ఉంది.